అంగీన అంటే గొంతు

జూన్ 22

నీట్ ఫలితాలు వచ్చి ఎనిమిది రోజులైంది. అర్హత వచ్చింది, సీటు రాదు. పోయినేడూ ఇంతే. మూడోసారి రాయనని ఈ ఉదయం బాపుతో చెప్పాను. బాపు కొంగరకలాన్ ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే బస్సు నడుపుతాడు. మొదటి షిఫ్టును దించి వచ్చి, చెప్పులు విప్పుతూ విన్నాడు.

"మరేం జేస్తవ్?"

"బయటి దేశంల ఎంబీబీఎస్ చేస్త. ముందుగాల భాష నేర్చుకోవాలె."

"ఏ దేశం?"

"భాషను బట్టి ఉంటది."

"బస్సెక్కినంక ఊరు అడిగినట్టున్నది," అన్నాడు. లోపలి నుంచి అమ్మ నవ్వింది.

మీర్‌పేట్‌లో ఒక ఇంటి మొదటి అంతస్తులో భాషలు నేర్పుతారు. రష్యన్, జర్మన్. వైద్యం చదవబోయేవాళ్లు రెండు నెలల పాటు రెండు క్లాసుల్లోనూ కూర్చోవచ్చు. ఆగస్టు 30 సాయంత్రం ఆరులోగా ఫారంలో ఒక భాష పేరు రాయాలి. తర్వాత మార్చుకోవడం కుదరదు.

జూన్ 26

వెళ్లాను. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ మీద బస్సులో బి.ఎన్.రెడ్డి దాకా, అక్కడి నుంచి షేర్ ఆటో.

రష్యన్ చెప్పేది జగదీశ్వర్ సార్. నాదర్‌గుల్ మనిషి. రష్యాలో ఆరేళ్లు చదివి ఎంబీబీఎస్ తెచ్చుకున్నాడు. ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన పరీక్ష నాలుగుసార్లు తప్పాడు. క్లాసులో ఆయన మొదటి మాటే అది. "నాలుగుసార్లు ఫెయిలైన. అయిదోసారి డిసెంబర్ల రాస్త. నన్ను డాక్టర్ అనకుండ్రి. సార్ అంటే చాలు."

జర్మన్ చెప్పేది కనకరత్నం మేడమ్. వాళ్లది భీమవరం వైపు. భర్త ఉద్యోగం వల్ల పదకొండేళ్లు జర్మనీలో ఉండి, వచ్చి మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారు.

"రామ్మా, కూర్చో. ఏ ఊరు మీది?"

"ఇబ్రహీంపట్నం మేడమ్."

"కృష్ణ ఒడ్డున ఉంటుందే, అదా?"

"కాదు మేడమ్. మాదగ్గర చెరువుంటది."

జూన్ 29

క్లాసులో ఒకరు అడిగితే జగదీశ్వర్ సార్ చెప్పాడు. విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే అక్కడ పాఠాలు ఇంగ్లిష్‌లో జరిగి ఉండాలి. రష్యాలో ఇంగ్లిష్‌లో చెప్పే కాలేజీలున్నాయి. అక్కడ రష్యన్ కావాల్సింది రోగులతో మాట్లాడటానికి. జర్మనీలో పాఠమే జర్మన్‌లో. అక్కడ చదివితే అక్కడే డాక్టరు. ఇక్కడ కాదు.

ఇంటికొచ్చి నిబంధన వెతికి చదివాను. సార్ చెప్పింది సరిగ్గానే ఉంది.

అమ్మ అడగలేదు. నేను చెప్పలేదు.

జూలై 2

పాల ప్యాకెట్‌కు హన్మంత్ మామ కొట్టుకు వెళ్లాను. నలుగురున్నారు.

"ఏం డాక్టరమ్మా, రెండేండ్లాయె. సూది ఎప్పుడేస్తవ్?"

"నీకే ముందుగాల వేస్త మామా."

"గప్పటిదాక నేనుండాలె గద."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అమ్మ ఆశా కార్యకర్త. మా వార్డులో రెండు వందల పద్నాలుగు ఇళ్లు తిరుగుతుంది. నేను కోచింగ్‌లో చేరిన వారంలోనే ఆ అన్ని ఇళ్లలోనూ నా బిడ్డ డాక్టరైతదని చెప్పింది. ఆ తర్వాత నా పేరు మనోజ అని ఎవరూ పిలవలేదు.

జర్మన్ క్లాసు బాగుంది. వ్యాకరణం పద్ధతిగా ఉంది.

జూలై 5

జర్మన్ వ్యాకరణం పద్ధతిగా ఉంది. రష్యన్‌కు లిపి కూడా కొత్తగా నేర్చుకోవాలి. నేను జర్మన్ వైపు మొగ్గుతున్నది ఈ కారణాల వల్లే. వేరే కారణం లేదు.

జూలై 9

జగదీశ్వర్ సార్ హోంవర్క్ ఇచ్చాడు. "రష్యన్ తర్వాత. ముందుగాల మీ ఇంట్లోవాళ్లు, గల్లీవాళ్లు నొప్పిని ఏమేమంటరో రాసుకొనిరండ్రి. నొప్పి అని ఒక్క ముక్క రాసుకొస్తే బయట నిలవెడ్త."

సాయంత్రం అమ్మను అడిగాను. రిజిస్టర్ పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. "గిసొంటిది అడగాలె. నాకంటె బాగ ఎవ్వలు చెప్తరు," అని మొదలుపెట్టింది. సలుపు. పోటు. మంట. తిమ్మిరి. గుంజుడు. పీకుడు.

"గుంజుడు, పీకుడు ఒక్కటే గదమ్మా?"

"ఎట్ల ఒక్కటే? గుంజుడు నరం. పీకుడు బొక్క. ముసలోళ్లు పెయ్యంత సలుపుతున్నది అంటరు, గది వేరే. రాస్కో."

ఇరవై మూడు మాటలు వచ్చాయి. పీకుడు పక్కన ఎముక అని రాశాను.

జూలై 10

జాబితాను క్లాసులో చదివాను. జర్మన్ క్లాసు కోసం గుమ్మం దగ్గర ఆగిన కనకరత్నం మేడమ్ అడిగారు. "పెయ్య సలపడం ఏంటమ్మా? ఆవుదూడకా?"

"మా దిక్కు పెయ్యి అంటే ఒళ్లు మేడమ్," అన్నాడు సార్.

"అమ్మో. నేను మీ ఊళ్లో జబ్బు పడకూడదు. పశువుల డాక్టర్ని పిలుస్తారు."

సలుపుకు నోయెత్, గుంజుడుకు త్యానెత్ అని సార్ రాయించాడు. రెండూ సరిగ్గా సరిపోయాయి. జాబితా ఇంకా పెంచమన్నాడు. ఈసారి మాట ఒక్కటే కాదు, రోగి చెప్పిన వాక్యం మొత్తం కావాలన్నాడు.

జూలై 12

అమ్మ చెప్పింది, నేను రాసుకున్నాను.

"మన వార్డుల ఒకామె అంటది. ఎత్తు ఎక్కితే బొండిగ పట్టుకుంటది. నిలబడితే ఇడుస్తది. ఎడమ దవడ దాక గుంజుతది."

"ఎవ్వలామె?"

"పేరెందుకు? నీకు మాటలు గావాలన్నవ్ గద."

బొండిగ అంటే గొంతు అని పక్కన రాసుకున్నాను. కనకరత్నం మేడమ్ అడుగుతారు.

జూలై 15

చర్చి నుంచి వస్తూ అమ్మ రెండుచోట్ల ఆగింది. చెప్పు తెగిందంది. ఇంటికొచ్చాక చూశాను. తెగలేదు.

జూలై 18

రష్యన్‌లో జబ్బుల పేర్లు. ఇక్కడ ఒక చిక్కుంది, రాసిపెట్టుకుంటున్నాను. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎ ఎన్ జి ఐ ఎన్ ఎ. కోచింగ్‌లో దాన్ని యాంజైనా అని చదివాం. గుండె కండరానికి చాలినంత ఆక్సిజన్ అందనప్పుడు ఛాతీలో వచ్చే నొప్పి. రష్యన్‌లో అదే మాటను అంగీన అంటారు. అది గొంతు వాపు. టాన్సిల్స్, జ్వరం, మింగితే నొప్పి. గుండె నొప్పికి వాళ్ల మాట వేరే ఉంది.

జర్మన్‌లో కూడా ఒట్టి అంగీన అంటే గొంతేనని మేడమ్ చెప్పారు.

సార్ అన్నాడు, "నేను రెండో ఏడు వార్డుల గీడనే తప్పు జేసిన. పిల్లగానికి అంగీన అన్నరు. నేను గుండెకు మెషిన్ తగిలియ్యవోయిన. నర్సు నా చెయ్యి మీద కొట్టింది."

అంగీన అంటే గొంతు. మూడుసార్లు రాశాను. ఇక మరిచిపోను.

జూలై 20

అమ్మ బొండిగ నొస్తుందంది. ఉప్పునీళ్లు కాచి ఇచ్చాను. పుక్కిలించింది. జ్వరం లేదు. ఇళ్ల సర్వేలో దుమ్ము వల్లనుకున్నాను.

హోంవర్క్ పూర్తి చేశాను. ఒకామె వాక్యం పక్కన 'అంగీన' అని రాశాను.

జూలై 23

అమ్మ మంచినీళ్ల క్యాన్ నన్ను తెమ్మంటోంది. ఎప్పుడూ తనే తెచ్చేది. గ్యాస్ అంటుంది. అన్నం కూడా కొంచెమే తింటోంది.

జర్మన్‌లో వంద దాకా అంకెలు పూర్తయ్యాయి. మేడమ్ నా ఉచ్చారణ బాగుందన్నారు.

జూలై 26

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండున్నరకు జగదీశ్వర్ సార్ నోటుబుక్కులు దిద్దుతున్నాడు. నాది తీసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"గీ వాక్యం ఎవరిది?"

"మా వార్డుల ఒకామెది సార్."

"పక్కన అంగీన అని రాసినవ్. జొరం ఉన్నదా ఆమెకు?"

"తెల్వదు సార్."

"మింగితే నొస్తుందా?"

"గది చెప్పలే."

"నడిస్తే పట్టుకుంటది, నిలబడితే ఇడుస్తది. గొంతు వాపు నిలబడంగనే ఇడుస్తదా మనోజా? దవడకు ఎందుకు గుంజుతది?"

సార్ పెన్ను కింద పెట్టాడు.

"నీట్ల యాంజైనా మీద ప్రశ్న వచ్చిందా?"

"ప్రాక్టీసుల వచ్చింది. కరెక్ట్ పెట్టిన."

"గిది గా యాంజైనా. అందరికి రొమ్ముల్నే రాదు. ఆడోళ్లకు బొండిగల, దవడల గిట్ల వస్తది, గ్యాస్ అనుకుంటరు. నేను వైద్యం జెయ్యొద్దు, చెప్పొచ్చు. ఆమెను ఇయ్యాల్నే దవాఖానకు తీస్కపోండ్రి. రేపు గాదు."

"ఆమె ఎవరో మా అమ్మకే ఎర్క సార్."

"అయితె అమ్మకు ఫోన్ జెయ్యి."

అమ్మ ఎత్తలేదు. ఇంటికొచ్చేసరికి ఒంటిగంటా పది. అమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె ఎవరని అడిగాను.

"నిమ్మలమైంది ఆమెకు."

"పేరు?"

"మర్చిపోయిన."

అమ్మ పేర్లు మరిచిపోదు. రిజిస్టర్ తీసుకున్నాను. వద్దనలేదు. రెండు వందల పద్నాలుగు ఇళ్లు, ఒక్కొక్క గీతా చూశాను. జ్వరాలు, బీపీలు, ఇద్దరు గర్భిణులు. బొండిగ పట్టుకున్న మనిషి ఎక్కడా లేదు. ఎవరికి ఏముందో అమ్మ రాయకుండా ఉండదు. ముప్పై ఏడో నంబరు మా ఇల్లు. ఇమ్మానుయేలు, సుసన్న, మనోజ. సుసన్న ఎదురుగా షుగర్ అని ఉంది. అది మూడేళ్ల కిందటిది. దాని పక్కన ఏమీ లేదు.

"ఎప్పటిసంది?" అన్నాను.

"ఎండకాలంసంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన గద. రాస్కున్నవ్ గూడ." చేట కింద పెట్టింది. "నాదని చెప్తే నువ్వు పోతవా?"

బాపుకు ఫోన్ చేశాను.

జూలై 27

దవాఖాన.

జూలై 31

నగరంలోని పెద్దాసుపత్రి. ఎడమవైపు పెద్ద రక్తనాళం తొంభై శాతం మూసుకుపోయింది. సోమవారం స్టెంట్ వేశారు. ఇంకో పది రోజులు ఆగితే ఏమయ్యేదో పెద్ద డాక్టరు బాపుతో చెప్పాడు. బాపు నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

చేర్చుకున్న రోజు చూసింది ఒక జూనియర్ డాక్టరు. రాజస్థాన్ అబ్బాయి, తెలుగు రాదు. హిందీలో అడిగాడు. అమ్మ చెప్పింది: "ఎత్తెక్కితే దమ్మొస్తది, బొండిగ పట్టుకుంటది." దమ్ము అనగానే తలెత్తాడు. ఆ ముక్క వాళ్ల భాషలోనూ ఉంది. బొండిగ దగ్గర ఆగిపోయాడు. నన్ను చూశాడు. నాకు తెలిసిన హిందీలో చెప్పాను. గొంతులో, నడిస్తేనే, ఆగితే పోతుంది, దవడ దాకా, ఏప్రిల్ నుంచి. మూడు వాక్యాలు. రాసుకుని వెంటనే ఈసీజీకి పంపాడు.

ఆ మూడు వాక్యాలూ నా నోటుబుక్కులో జూలై 12 నుంచి ఉన్నాయి. పద్నాలుగు రోజులు.

ఆగస్టు 8

అమ్మ ఇంటికొచ్చి ఐదు రోజులైంది. మీర్‌పేట్ వెళ్లడం మానేశాను. వంట, గోళీలు, అమ్మ మడత మంచం పక్కన కాపలా.

ఈ ఉదయం గోళీలు ఇస్తే తీసుకోలేదు.

"క్లాసుకు ఎందుకు పోతలేవ్?"

"నువ్వు నిమ్మలమైనంక పోత."

"నా పేరు జెప్పి ఇంట్ల కూసుంటే నేను గోళీలు మింగ. చెప్తున్న."

"అమ్మా, గివి ఒక్కరోజు గూడ ఆపొద్దు. స్టెంట్ మూసుకపోతది."

"నాకు జెప్తున్నవా? నేను నాలుగు గల్లీలకు గోళీలు పంచేదాన్ని."

"మింగు."

"పోతవా?"

"పోత."

మింగింది. నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించింది. టీబీ గోళీలు ఇచ్చినప్పుడు రోగులతో తను చేయించేది అదే.

ఆగస్టు 11

క్లాసుకు వెళ్లాను. జగదీశ్వర్ సార్ అమ్మ ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. "సరే, కూసో. మూడు పాఠాలు వెనకవడ్డవ్," అన్నాడు.

ఆగస్టు 19

జర్మన్ వ్యాకరణం పద్ధతిగానే ఉంది. ఆ నిబంధన సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెబితే గుండెకు మంచిది కాదు.

ఆగస్టు 20

పై పేజీలో గుండెకు మంచిది కాదని రాశాను. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేదు.

ఆగస్టు 30

చివరి రోజు.

పొద్దున అమ్మతో జ్వరాల సర్వేకు వెళ్లాను. అమ్మను ఇంకో రెండు వారాలు మెట్లు ఎక్కొద్దన్నారు డాక్టర్లు. అమ్మ రిజిస్టర్ పట్టుకుని కింద నిలబడింది, నేను పైకెళ్లి అడిగి వచ్చాను. జ్వరం ఎవరికైనా ఉందా, నీళ్ల డ్రమ్ములకు మూతలున్నాయా. పదకొండు ఇళ్లు. రెండు ఇళ్లలో, ఎప్పుడు డాక్టరువైతవని అడిగారు. ఇంకా చేరలేదని చెప్పాను. అవునా అని డ్రమ్ము చూపించారు. అంతే.

పదకొండో ఇంటి అరుగు మీద అమ్మ కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"అమ్మా, ఒకటి చెప్పాలె. జర్మన్ల చదివితే ఈడ డాక్టర్ పని చేయనియ్యరు. రూలున్నది."

"ఎన్నేండ్లు?"

"ఎప్పటికీ."

"నీకెప్పుడు తెల్సింది?"

"జూన్ల."

అమ్మ పెన్నుకు మూత పెట్టింది. "నేను ఎండకాలంసంది దాచిన. నువ్వు జూన్‌సంది. నాకన్న జర నయమే," అంది. రిజిస్టర్ మూసి అడిగింది. "ఇప్పుడేం రాస్తవ్?"

"రష్యన్."

"నా గుండె కోసమా?"

"కాదు."

"అబద్ధమాడకు. నువ్వాడితే నాక్కూడ ఆడొస్తది."

"సగం నీ కోసమే."

"ఇంకో సగం?"

"తెల్వదు."

"గది తెల్సుకొని రాయి. ఒట్టి నా సగానికి రాస్తే నేను ఒప్పుకోను. రేపు గాడ కష్టమైన రోజు నన్ను తిట్టుకుంటవ్. ఆరు దాక టైమున్నది గద."

ఇంటికొచ్చి అన్నం పెట్టి, గోళీలు ఇచ్చి, మూడింటి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఈ డైరీ మొదటి నుంచి చదివాను. జర్మనీలో ఉండాలని ఎక్కడా రాయలేదు. అక్కడి వీధి లేదు, ఆసుపత్రి లేదు, ఒక్క రోగి కూడా లేడు. ఇక్కడివాళ్లకు ముఖం చూపించనక్కర్లేదన్న సంగతే వేరే వేరే మాటల్లో ఉంది. నాకు వెళ్లాలని ఉంది. వెళ్లి ఉండిపోవాలని లేదు. రెండు నెలలుగా ఈ రెంటినీ ఒకటిగా రాస్తూ వచ్చాను.

ఐదుంబావుకు ఫారం తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. జగదీశ్వర్ సార్ తాళాలు పట్టుకుని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

అమ్మకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. బస్సులో అనుకున్నది చెప్పాను. మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"మల్లొచ్చినంక ఈడి పరీక్ష పాస్ గాకపోతే?" అని అడిగింది. "మీ సార్ నాలుగుసార్లు తప్పిండంటివి."

"తప్పితే తప్పుత. సార్ లెక్క నేను గూడ భాష చెప్పుకుంట బతుకుత. వార్డుల అందరు అడుగుతరు. అడగనీ."

"భాష చెప్పేటాయన జెయ్యవట్టే నేనున్న," అంది అమ్మ. "ఇగ రాయి."

రాశాను. రష్యన్. ఐదు నలభై.